గుండెకు మాత్ర, కాలికి సత్తువ

నిజామాబాదు నుండి బోధనునకు పోవు దారిలో ఎడపల్లి కలదు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువఱకు ఈ ప్రాంతపు చెఱకు బోధనులోని శక్కర్‌నగరునకు చేరుచుండెడిది. చెఱకు నఱకి, మోపులు కట్టి, బండికెత్తి బ్రదికినవారికి దమ్మే ఆస్తి. అట్టివారికి వయస్సు మీఱిన పిదప వైద్యుడు కొలెస్టరాలును తగ్గించు మాత్ర వ్రాసియిచ్చినచో, “పిక్కలు పీకుచున్నవి, ఇది మా సత్తువను హరించునేమో” యని సందేహము కలుగుట సహజము. ఆ సందేహమునకు గల చరిత్రను విచారింతము.

కండరమునకు శక్తి యెచటినుండి వచ్చుననుటను విశదపఱచినవారిలో మన తెలుగువాడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కుతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని గూర్చి ప్రకటించెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏటీపీని కనుగొనెను. ఏటీపీ కండరమునకు చేతిలోని రొక్కము వంటిది. వ్యయమైన కొలది, కణములందలి మైటోకాండ్రియాలు ప్రాణవాయువు సాయమున దానిని మరల సమకూర్చును. మనము దమ్మనునది చాలవఱకు ఈ సమకూర్పే.

1973లో జపానులో అకిరా ఎండో ఒక బూజునుండి తొలి స్టాటిను ద్రవ్యమును వేఱుచేసెను. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ వాడుకకు వచ్చెను. స్కాండినేవియాలో 4,444 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షయొక్క ఫలితము 1994లో వెలువడెను. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణములు నూటికి ముప్పదివంతులు తగ్గెను. ఈ మందు వలన నిలిచినవి ప్రాణములే.

అయినను సందేహము నిరాధారము కాదు. స్టాటిన్ కొలెస్టరాలు తయారగు దారిని మొదటనే అడ్డగించును. మైటోకాండ్రియాలకు కావలసిన కోఎంజైమ్ క్యూ10 పుట్టునది కూడ ఆ దారియందే. 2001లో సెరివాస్టాటిన్ అను మందు, కండరములు కరిగి కొందఱు మరణించుటచే అంగడినుండి తొలగింపబడెను. మిస్సోరీలో స్థూలకాయులైన 37 మందిపై జరిగిన పరీక్ష 2013లో వెలువడెను. పన్నెండు వారముల వ్యాయామముచే దమ్ము నూటికి పదివంతులు పెరుగగా, సిమ్వాస్టాటిన్ కూడ సేవించినవారిలో ఒకటిన్నరవంతు మాత్రమే పెరిగెను.

ఇంచుమించు ఆ కాలముననే 420 మంది ఆరోగ్యవంతులకు ఆరు నెలలపాటు అటోర్వాస్టాటిన్ నిచ్చియు, ఉత్త మాత్ర నిచ్చియు పరీక్షించిరి. సగటున బలముగాని దమ్ముగాని తగ్గలేదు. కండరముల నొప్పి మాత్రము మందు వాడినవారిలో నూటికి తొమ్మిదిమందికి, వాడనివారిలో అయిదుగురికి కలిగెను. ఒక పరీక్ష క్రొత్తగా చేరవలసిన సత్తువను కొలిచినది. రెండవది ఉన్న సత్తువను కొలిచినది. కావున ఈ రెండింటికి వైరము లేదు.

పిక్కలు నొచ్చినవని మాత్రను గూటిలో దాచి ఊరకుండుట గుండెకు ముప్పు. మాత్ర యున్నదిగదా యని నడక మానుటయు అంతే. నొప్పిని వైద్యునికి చెప్పినచో మోతాదు తగ్గింపవచ్చును, మందు మార్పవచ్చును. నొప్పి తీవ్రమై మూత్రము నల్లబడినచో ఆ దినమే వైద్యుని చూడవలయును. చెఱకు చేని గట్టున ఉదయపు నడక సాగవలయును. మాత్రయు వైద్యుని మాట ననుసరించి సాగవలయును.