తాటాకు నుంచి చెరువుగట్టు దాకా

పాత తెలుగు నిఘంటువులు తిరగేసేవారికి ‘విశేషము’ అన్న మాట కొత్త కాదు. తెలియని చెట్టు పేరు వెతికితే వృక్షవిశేషము అని ఉంటుంది. పిట్ట పేరైతే పక్షివిశేషము, పిండివంటైతే భక్ష్యవిశేషము, ఆటైతే క్రీడావిశేషము. ఆ ఆట ఎలా ఆడతారో, ఆ వంటలో బెల్లం పడుతుందో ఉప్పు పడుతుందో మాత్రం ఉండదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డికి ఇది పెద్ద చిక్కే అయింది. కావ్యాల్లో తగిలిన ఆటలు, నగలు, బట్టలు, తిండ్లు ఏమిటో తెలిస్తే గాని జనం బతికిన తీరు రాయడం కుదరదు. నిఘంటువులు చెయ్యిచ్చిన చోట ఆయన తానెరిగిన పల్లె మాటలతో పూడ్చుకుంటూ వెళ్లారు. 1949లో వెలువడిన ఆ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. నేను దాన్ని చరిత్ర కోసం ఒకసారి చదివితే మాటల కోసం పదిసార్లు తిరగేస్తాను.

మాటలు పోగుచేసే సరదా మనకు నిఘంటువుల కంటే పాతది. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శివరాత్రికి శ్రీశైలం వెళ్లే జనాన్ని వర్ణిస్తూ వాళ్లు పాడుకునే పాటల పేర్లన్నీ వరసపెట్టాడు: తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు. ఆ పాటల్లో చాలా వాటి వరసలు మనకు మిగల్లేదు, పేర్లు మిగిలాయి. కథకు అవసరమై రాసిన జాబితా కాదది. విన్నది నలుగురికీ చెప్పకుండా ఉండలేని మనిషి రాసింది.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో పద్య నిఘంటువులు వచ్చాయి. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’ దేవతలు, మనుషులు, స్థావరాలు, జంతువులు అంటూ వర్గులుగా తెలుగు మాటలను కూర్చింది. పుస్తకం చేతిలో లేకపోయినా కంఠస్థం చేసుకోవడానికి వీలైన ఏర్పాటు. దాని తరవాత ఆడిదము సూరకవి రాసిన పుస్తకం పేరు ‘ఆంధ్రనామ శేషం’. ముందటివాడు ఏరగా మిగిలినవి నేను ఏరుతున్నానని పేరులోనే చెప్పాడు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఆ వినయం ఉండేదని చెప్పలేను గాని, ఆ ఆశ మాత్రం అందరిదీ.

పద్యాన్ని వదిలి అకారాది వరసకు రావడం మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’తో మొదలైంది. 1821లో నిఘంటువు తెచ్చిన కంపెనీ ఉద్యోగి క్యాంబెల్ ఆయన కృషిని వాడుకుని, ఆ సంగతి చెప్పుకున్నాడు. ఇక కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని రాతప్రతులు సరిచేయించిన సి.పి.బ్రౌన్ సంగతి అందరికీ తెలిసిందే. ఆయన 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో నాకు బాగా నచ్చేది కావ్యం పక్కన కచేరీ మాట కూడా కూర్చోవడం. కిస్తీ, దరఖాస్తు, ఫిర్యాదు లాంటి మాటలను పరాయివని గెంటేయకుండా, అలాంటి వాటికోసం ఆయన వేరుగా మిశ్రభాషా నిఘంటువే చేశాడు. జనం నోట ఉన్నదంతా భాషేనన్న గురి ఆయనది.

ఆ గురి ఆ తరవాత చాలాకాలం తప్పింది. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు వెలువరించిన ‘శబ్దరత్నాకరం’ ఇప్పటికీ నమ్మదగ్గ పుస్తకమే, కాకపోతే దాని లోకం కావ్యలోకం. పిఠాపురం మహారాజు పేరు మీద ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ తొలి సంపుటం 1936లో, చివరిది 1970లలో వచ్చాయి. ఒక తరం మొదలుపెడితే ఇంకో తరం ముగించిన పని అది. ప్రతి అర్థానికీ కవిప్రయోగం చూపించే ఆ ఓపికకు చేతులెత్తి మొక్కవచ్చు. అయితే ఆ పనికి పెద్దగా నిలిచిన జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షం నాయకుడు. కవి వాడితేనే మాట. రైతు వాడితే దానికి అక్కడ చోటు లేదు. అదే కాలంలో అవతల వాడుక భాష పక్షాన ఉన్న గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, లిపి కూడా లేని సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువులు కట్టారు. మాట పుట్టేది నోట్లో అని ఆ నిఘంటువులే చెప్పాయి.

అసలు మలుపు 1962. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయ పదాలతో. పరిశోధకులు ఊళ్లకు వెళ్లి, పనిముట్టు ఎదురుగా పెట్టుకుని, దీన్ని మీరేమంటారని రైతులను అడిగి, ఏ మాట ఏ ప్రాంతానిదో నమోదు చేశారు. 1971లో చేనేత పదకోశం వచ్చింది. పడుగు, పేక, నాడె, కండె, ఆసు లాంటి మాటలకు కవిప్రయోగం కాదు, మగ్గం దగ్గర కూర్చున్నవారే సాక్ష్యం. ‘విశేషము’ అని తప్పించుకోవడానికి అక్కడ దారి లేదు. వస్తువు ఎదురుగానే ఉంది కదా!

ఆ పద్ధతిలో అడిగితే ఎంత దొరుకుతుందో చెరువు దగ్గర చూడవచ్చు. నిండిన చెరువులో మిగులు నీరు బయటకు పోయే కట్టడం ఒకటే. తెలంగాణలో అది మత్తడి, చెరువు నిండితే ‘మత్తడి దుంకింది’ అంటారు. అనంతపురం వైపు మరవ, ‘మరవ పారింది’. నెల్లూరులో కలుజు. అలుగు అంటే చాలాచోట్ల తెలుస్తుంది. దుంకడంలో ఉన్న హుషారు పారడంలో లేదు, ఏళ్ల తరబడి ఎదురుచూసిన సీమ రైతుకు మరవ పారడంలో ఉన్న ఊరట దుంకడంలో లేదు. ఇవన్నీ ఒకే అర్థమిచ్చే పర్యాయపదాలని ఒక గాటన కట్టేయడం నాకు ఇష్టం ఉండదు.

దొరికిన మాటను పంచేవాళ్లు పత్రికల్లో పుట్టుకొచ్చారు. తిరుమల రామచంద్ర ‘నుడి-నానుడి’ మాటల పుట్టుపూర్వోత్తరాలను కబుర్లలా చెప్పింది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ల నుడికట్టు మరుగున పడ్డ మాటలను పాఠకుడి చేతే తవ్వించాయి. బూదరాజు రాధాకృష్ణ విలేకరులకు మాట విలువ నేర్పారు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం, వెక్కిరింతకు గురైన మాటలను తలెత్తుకునేలా చేసింది. పులికాట్ సరస్సు చుట్టుపక్కల బతుకును స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కతలు’లో అక్కడి పలుకుతోనే రాస్తే, రాష్ట్రం ఎల్ల దగ్గర తెలుగు ఆగిపోదని చాలామందికి తెలిసింది. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, బ్రౌన్, వృత్తిపదకోశాలు ఒకేచోట పలుకుతాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికీ అంతే దూరం.

పల్లె మాటలు ఇప్పుడు సర్కారు కొలువులోకీ ఎక్కాయి. యాసంగి, వానాకాలం తెలంగాణ ప్రభుత్వ కాగితాల్లో రబీ, ఖరీఫ్‌ల చోటు తీసుకున్నాయి. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల మరమ్మతు మొదలయ్యాక తూము, మత్తడి, శిఖం (చెరువు ముంపు భూమి) వార్తల్లో మళ్లీ గట్టిగా వినిపించాయి. కాలువ పనికి వెళ్లే ఇంజినీరుకు, ఆ పనిని రాసే విలేకరికి ఇప్పుడు ఆ మాటలు కావాలి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో తెలిసిన నీరటికాళ్లు కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు.