గుండెల్లో రైళ్ళు, కాళ్ళలో చలి

ఒక జాతి దేనికి భయపడిందో చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ భయాన్ని దేహంలో ఏ చోట దాచుకొన్నదో పలుకుబడులే చెప్పగలవు. వరంగల్లులో ఇంగ్లీషు నేర్చుకొన్నవాణ్ణి కనుక ఈ సంగతి నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది.

ఆంగ్లేయుని భయం చల్లనిది. ధైర్యం సన్నగిల్లితే ‘కోల్డ్ ఫీట్’ అంటాడు. భయం ముదిరితే అతని నెత్తురు చల్లబడుతుంది, వెన్నులో చలి పాకుతుంది. మంచు కురిసే దేశంలో చలి శత్రువు కదా! రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఓరుగల్లులో ‘చల్లగా ఉండు’ అన్నది ఆశీర్వచనం. ‘నీ కడుపు చల్లగా’ అన్నది అంతకన్న పెద్ద దీవెన. కాళ్ళు చల్లబడ్డాయంటే మన ఇళ్ళలో ప్రాణాపాయమని వైద్యుని కోసం పరుగెత్తుతారు. మాటకు మాట పెట్టి అనువదిస్తే పిరికివాడు కాస్తా మరణశయ్య మీదికి చేరుతాడు!

మన భయం గుండెలో ఉంటుంది. గుండె జారుతుంది, గుభేలుమంటుంది, దడదడలాడుతుంది. గుండెల్లో రైళ్ళు పరుగెత్తుతాయి కూడా. ఈ చివరి మాట వయసు ఊహించడం కష్టం కాదు. మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి, ఠాణాల మధ్య మొదలయింది. సికిందరాబాదు నుండి నైజాం రైలుమార్గం 1886లో వరంగల్లు చేరి, 1889 నాటికి బెజవాడను కలిపింది. అంటే వేల ఏళ్ళ భాష నిన్నమొన్నటి యంత్రాన్ని భయానికి ఉపమానంగా చేసుకొన్నది. అమెరికాలో ‘కోల్డ్ ఫీట్’ వ్యాప్తిలోకి వచ్చినదీ దాదాపు ఆ కాలంలోనే, 1890ల్లో. పలుకుబడి పాతబడ్డ నాణెం కాదు, ఎప్పటికప్పుడు అచ్చయ్యేదే.

నైజాం పాలనలో ఇక్కడి విద్యార్థికి ఇంగ్లీషు మూడవ మెట్టు. ఇంట్లో తెలుగు, కచేరీలో, బడిలో ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే జరిగేది, ఇంగ్లీషు ఒక తప్పనిసరి పాఠ్యాంశం. తెలుగు చదువుకై హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. అందుకే మా భయానికి మూడు భాషల పేర్లున్నాయి. ‘బుగులు’ ఇంటిది. ‘పరేషాన్’ ఉర్దూ ఇచ్చింది. 1948 తరువాత ఉర్దూ వెనుకకు తగ్గి, ఇంగ్లీషు పెరిగింది.

ఇప్పుడు అన్నింటినీ ఒక్క ‘టెన్షన్’ మింగివేస్తున్నది. పరీక్ష ముందూ టెన్షనే, పాము కనబడ్డా టెన్షనే. జంకు, బెరుకు, బెదురు, దడ, హడలు, బుగులు: ఇవి ఒకే భయానికి ఆరు పేర్లు కావు, ఆరు వేర్వేరు భయాలు. పోటీ పరీక్షల కోసం ఆంగ్ల పలుకుబడుల పట్టికలు కంఠస్థం చేసే పిల్లలకు ఇవి తెలియకపోతే నష్టం తెలుగుకు మాత్రమే కాదు. పని మొదలుపెట్టబోయి వెనుదీసేది జంకు అని తెలిసినవానికి ‘కోల్డ్ ఫీట్’ వివరించనక్కరలేదు. సభలో మాట్లాడే ముందటి బెరుకు ఎరిగినవానికి ‘కడుపులో సీతాకోకచిలుకలు’ అన్న ఆంగ్లపు మాట వింత కాదు.

పరభాషలోని భయాన్ని పట్టుకోవాలంటే ముందు మన భయాలకు పేర్లు తెలిసి ఉండాలి. ఆ పేర్లు ఇంకా మన అవ్వల నోళ్ళలో ఉన్నాయి. అడిగి తెలుసుకోవడానికి జంకవలసిన పని లేదు.