ఒక్క రాత్రిలో తేలని ఆపరేషన్

తలలు అతుక్కుని పుట్టిన కవలల మాట రాగానే మనవాళ్ళు ముందు అడిగేది "మెదడు ఒకటా, రెండా?" అని. అసలు పేచీ చాలాసార్లు మెదడు దగ్గర కాదు, రక్తం కిందికి దిగే దారి దగ్గర. మెదడు నుంచి చెడు రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర ఇద్దరికీ ఒక్కటే అనుకోండి. అది ఎవరికివ్వాలి? రెండోవాళ్ళ రక్తం ఎటు పోవాలి? ప్లానంతా దీని చుట్టూనే.

ఇరాన్ అక్కచెల్లెళ్ళు లాదన్, లాలే బిజానీలది సరిగ్గా ఇదే చిక్కు. ఇద్దరూ లా చదివారు. ఒకరికి లాయరు కావాలని, ఇంకొకరికి జర్నలిస్టు కావాలని! 1996లో జర్మనీ డాక్టర్లు ప్రాణాపాయం అని వద్దన్నారు. 2003లో, వాళ్ళకి 29 ఏళ్ళప్పుడు, సింగపూర్ రాఫెల్స్ ఆస్పత్రి ఒప్పుకుంది.

ప్లానింగ్ లేకుండా కత్తి పట్టారనుకోకండి. టీముని నడిపిన కీత్ గో అంతకుముందు 2001లో నేపాల్ పసిపిల్లల్ని విడదీసినవాడు. తోడుగా వచ్చిన బెన్ కార్సన్ 1997లో జాంబియా కవలల కోసం కంప్యూటర్ మీద త్రీడీ బొమ్మలతో ముందే రిహార్సల్ వేసుకున్నవాడు. బిజానీల విషయంలో తొడ నుంచి సిర తీసి లాదన్‌కి కొత్త దారి వెయ్యాలని నిర్ణయం. జులై 6న మొదలుపెట్టారు. మధ్యలో ఆపేద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. ఏమైనా సరే విడదీయమన్నదే వాళ్ళ కోరిక అని తేలాక ముందుకే వెళ్ళారు. జులై 8న గంటన్నర తేడాలో ఇద్దరూ పోయారు.

అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్ మాంటెఫియోర్ ఆస్పత్రిలో జేమ్స్ గుడ్‌రిచ్ ఫిలిప్పీన్స్ పిల్లలిద్దరికి ఇలాంటి పనే మొదలుపెట్టాడు. కానీ ఒక్కసారిగా కాదు. కొన్ని సిరలు విడదీయడం, తల మూసెయ్యడం, వారాలూ నెలలూ ఆగడం. ఈలోపు చిన్న చిన్న సిరలు లావెక్కి ఆ బరువు మొయ్యడం నేర్చుకుంటాయి. మొత్తం నాలుగు ఆపరేషన్లు, ఆఖరిది 2004 ఆగస్టులో. ఇద్దరూ బతికారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి ముక్కలుముక్కలుగా మారతాం చూడండి, అలాగన్నమాట. కాకపోతే మాకు తప్పు జరిగితే వెనక్కి వెళ్ళే వీలుంటుంది, వాళ్ళకి ఉండదు.

అలా చేసుంటే బిజానీలు బతికేవారా? అనలేం. ఏడాదిన్నర పిల్లల సిరలు సర్దుకున్నంత సులువుగా 29 ఏళ్ళవాళ్ళవి సర్దుకోవు. అయితే ఆ తర్వాత దారి మాత్రం గుడ్‌రిచ్‌దే అయింది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒడిశా పిల్లల్ని ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, రెండు విడతల్లో విడదీశారు, ఆయన సలహాతోనే.

అన్నట్టు, మన వీణా-వాణీలు పుట్టింది కూడా 2003లోనే. నిలోఫర్‌లో ఏళ్ళ తరబడి పెరిగారు, లండన్ డాక్టర్లు వచ్చి చూశారు, ఆపరేషన్ మాత్రం జరగలేదు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదాని మీద మనం చేసిన చర్చలో పదో వంతైనా ఈ సిరల సంగతి మీద చెయ్యలేదని నా గోల.