సవుడు మిద్దె, బోద కొట్టం

డ్రిల్ మిషన్ కొన్నావంట గదా అబ్బీ, మీ అమ్మ చెప్పె. పెరట్లో షెడ్డు వేసి, బల్ల పెట్టి, ఇంటి రిపేర్లన్నీ నువ్వే చేసుకుంటావంట. మంచిదే. మా నాయన కాలం పనులు గూడా కొంచెం విను, ఇట్ల మంట దగ్గరికి జరుగు, ఆ వేపమొద్దును కొంచెం లోపలికి తొయ్యి.

కల్లూరు ఇప్పుడు కర్నూలులో కలిసిపోయింది గానీ, మా చిన్నప్పుడు హంద్రీకి అవతల కర్నూలు, ఇవతల మన ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయితే, ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసిరి. మేము పిల్లోళ్ళం, వింతగా చూడను పోతాంటిమి. మా నాయన మాత్రం పెద్ద పెద్ద ఆఫీసర్ల వైపు చూడలేదు, గుడారాల మేకుల్ని చూసుకుంటా తిరిగె. "పడమటి గాలి లేస్తే తెలుస్తాది" అనె. మూడేండ్లకు, 1956లో, రాజధానే లేచి హైదరాబాదుకు పోయె. ఆయన చూపు అట్లాంటిది, ఏది కనపడినా అది యాడ ఊడుతుందా అని చూసేది.

అప్పుడు మన వీధిలో సిమెంటు యాడుండె? అన్నీ మట్టి మిద్దెలే. రెండడుగుల మందం రాతిగోడ, రాయికీ రాయికీ నడుమ బురద. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు. దంతెల మీద కలిగినోళ్ళు బేతంచెర్ల బండలు పరుస్తాండిరి, లేనోళ్ళు బందారు కొమ్మలు పరుస్తాండిరి. ఆ పైన మన్ను వేసి తొక్కి, అన్నిటికంటే పైన సవుడు.

సవుడంటే ఏ మన్ను పడితే ఆ మన్ను కాదు. చేనిలో తెల్లగా ఉప్పు పొంగి, గడ్డి గూడా మొలవని చోట తవ్వుకోవాల. సబ్బు కొనలేని రోజుల్లో బట్టలు ఉతికిందీ దాంతోనే. చేనుకు చేటైన మన్నే మిద్దెకు మందు. ఎర్రమన్ను ఎండకు పగిలి, వాన వస్తే నీళ్ళు తాగి కిందికి వదుల్తాది. సవుడు అట్ల కాదు. తడి తగిలితే మెత్తగా కరిగి, సందుల్లోకి దిగి, దారులన్నీ అదే మూసేస్తాది. మొదటి వానకు పై పొర నానుతాది. ఆ తర్వాత ఎంత కురిసినా నీళ్ళు దోని దారి పట్టాల్సిందే.

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో ఆ పని. మృగశిర వచ్చేలోపల ముగించాల. ముందు మొలిచిన పిచ్చిచెట్లను వేళ్ళతో సహా పీకాల, వేరు మిగిలితే అదే నీళ్ళకు దారి. దోనిలో చెత్త తీయాల, వెలుతురు వచ్చే గవాచికి బండ మూత సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడాల. పాత సవుడు గుల్లబారిన చోట గీకి కిందికి దించాల. అప్పుడు కొత్త సవుడు గడ్డలు చిదిపి, దోని పక్కకు వాటంగా పరిచి, నీళ్ళు చల్లి, చెక్కతో కొట్టాల. మీ జేజి తలమీద గంప పెట్టుకుని నిచ్చెన ఎక్కి మోస్తాండె. మొగోళ్ళం పైన నిలబడి సరిచేసి, పేరంతా మేము తీసుకుంటాంటిమి.

ఇంట్లో బొట్టు రాలితే, సరిగ్గా దానికి పైన సవుడు గుమ్మరిస్తారు తెలియనోళ్ళు. నీళ్ళు దిగేది ఒక చోట, కారేది ఇంకో చోట. దంతె వెంబడి పారి, దూరం పోయి రాలుతాది. తడి దంతెను చేత్తో తడుముకుంటా వెనక్కి పోతే చిల్లు దొరుకుతాది. మీ స్లాబు గూడా అంతే. ఫ్యాను దగ్గర కారుతాందని ఫ్యాను దగ్గరే పూత పూస్తే ఏం లాభం?

ఇంగో సంగతి. పాతది దించకుండా ఏటేటా కొత్తది వేసుకుంటా పోతే మిద్దె బరువెక్కుతాది, దూలం వంగుతాది. దానికి నానిన మన్ను బరువు తోడైతే, ముసురు పట్టిన రాత్రి పడుకున్నోళ్ళ మీదనే కూలుతాది. అట్ల పోయిన ప్రాణాలు ఈ సీమలో తక్కువేం కాదు. మట్టి మిద్దె ఎండకాలం చల్లన, చలికాలం వెచ్చన అని ఇప్పుడు అందరూ పొగుడుతాండారు. నిజమే. రాత్రి దూలం కిర్రుమంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేది గూడా నిజమే.

ఇంగ పనికొట్టం మాట. పెరట్లో వేపచెట్టు కింద మా నాయన కట్టింది బోదగడ్డి కొట్టం. గుంజలు తుమ్మవి. భూమిలోకి పోయే మొదలును మంటలో పైపైన నల్లగా కాల్చి పాతె, చెదలు అంత తొందరగా ముట్టవని. వాసాలకు బోద కట్టింది కిత్తనారతో. మేకులకు దుడ్లు యాడివి? వంకరపోయిన పాత మేకుల్ని రాయి మీద పెట్టి సాపు చేసి, డాల్డా డబ్బాలో కిరసనాయిలు పోసి వేస్తాంటిమి. సాపు చేసేది పిల్లోళ్ళ పని. వేలు నలిగితే ఏడ్వనిచ్చేవాడు, లేవనిచ్చేవాడు కాదు.

ఆ కొట్టంలో నేను మొదట నేర్చింది గొడ్డలికి కామ వేసేది. కామ వదులైతే అందరూ రాత్రంతా తొట్టిలో నానబెడతారు. పొద్దునకు బిగుస్తాది, సంతోషం. కానీ కట్టె నాని ఉబ్బినప్పుడు ఇనుము చుట్టూ దాన్ని నొక్కుతాది, లోపలి ఈనెలు నలుగుతాయి. ఎండంగానే ముందటికంటే ఎక్కువ వదులైపోతాది. మా నాయన తుమ్మకట్టెను నీడలో బాగా ఎండనిచ్చి, చిన్నగా చెక్కి, బొక్కలోకి దించి, పైన చీలిక తీసి ఎండిన చీల కొడతాండె. కొట్టే పద్ధతి చూడాల: కామను నిలువుగా గాల్లో పట్టుకుని, ఇనుము కిందికి వేలాడతాంటే, పై కొన మీద సుత్తితో కొట్టేది. కామ కిందికి పోవాల్సింది పోయి, ఇనుమే కామ మీదికి ఎగబాకి బిగుసుకుంటాది. నమ్మకుంటే రేపు చేసి చూపిస్తా.

బండి చక్రాలది వేరే కథ. ఎండకాలం కట్టె ఎండి ఇనుప పట్టా వదులైతే చక్రాన్ని నీళ్ళల్లో పడేస్తాంటిమి, హంద్రీ ఎండిపోతే కేసీ కాలువలో. అదీ చాలకుంటే కొలిమి దగ్గరికే. పిడకల మంటలో పట్టా ఎర్రగా కాలి పెద్దదైతే చక్రానికి ఎక్కించి, పొగలు లేస్తాంటే నీళ్ళు పోస్తే, చల్లారి కరుచుకుంటాది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నువ్వు చిన్నోడివి. నీళ్ళల్లో నిలబడిన మట్టిగోడలు కొన్ని, నీళ్ళు తీసినాక కూలె. మన మిద్దెను గూడా అప్పుడే దించేస్తిమి. కొట్టంలో మా నాయన బాడిశ, ఉలులు, రంపం బురదలో దొరికె. కిరసనాయిలు పోసి, ఇటుక పొడితో తోమి, ఆముదం పూసినా. రంపం పనికి రాలేదు గానీ, బాడిశ ఇప్పటికీ తెగుతాది.

ఇంగ నీ షెడ్డు. ఆ కాగితం మీద గీసింది చూసినా. తలుపు పడమరకు పెట్టినావు, తూర్పుకు మార్చు. జూన్, జూలై గాలి పడమటి నుంచే, మధ్యాహ్నం ఎండ గూడా అటు నుంచే. పడమటి గోడకు ఒక చిన్న కిటికీ గూడా వద్దు. రేకులు వేస్తానంటావా, మన ఎండల్లో రేకుల కింద మధ్యాహ్నం నిలబడలేవు, పైన బోదైనా కప్పు, వేపచెట్టు నీడకైనా జరుపు. ఆ చెట్టును మాత్రం కొట్టొద్దు. కరెంటు లాగేటప్పుడు ఎర్తింగు గుంత సరిగ్గా తీయించు, బొగ్గు, ఉప్పు వేసి. మన నేల ఎండకాలం ఎముకలాగ ఎండిపోతాది, ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయకుంటే ఎర్తింగు ఉన్నా లేనట్లే. నీ చేతిలో ఉండేది బాడిశ కాదు, మిషను.

బల్లకు ప్లైవుడ్డు కొనేది ఏమీ లేదు. మిద్దె దించినప్పటి దూలం ఒకటి ఆ గోడ పక్కన తాటాకుల కింద పడుంది, టేకుది. ఒక కొన చెద తినింది, ఆ మూర కోసేయ్. మిగతాది నీ వైసు పట్టుకునేంత దిట్టంగా ఉంది. ఒక్కడివి లేపలేవు, పక్కింటి పిల్లోళ్ళను పిలుచుకో. అట్లే వాళ్ళింట్లో మన గడ్డపార ఉంది, పోయిన ఉగాదికి తీసుకుపోయిరి. అడిగి తెచ్చిపెట్టు, పొద్దున ఎండ రాకముందే గుంతలు మొదలు పెడదాం.