కాడుగోడి చుట్టూ ‘కఠిన చర్య’: ఒక డిమాండ్ నడిచిన దారి

తూర్పు బెంగళూరులోని కాడుగోడి, వైట్‌ఫీల్డ్ వైపు అక్రమ వలసల ప్రస్తావన వస్తే చాలు, రెండు కథలు వినిపిస్తాయి. చట్టాలు మెతకవి కాబట్టి, పార్టీలు ఓట్ల కోసం చూసీచూడనట్టు వదిలేశాయి కాబట్టి బంగ్లాదేశీయులు బెంగళూరు దాకా వచ్చి స్థిరపడ్డారనీ, జనం ఇప్పటికి మేలుకున్నారనీ ఒక కథ. ఇక్కడ అసలు సమస్యే లేదు, 2019లో పౌరసత్వ రాజకీయం ఢిల్లీ నుంచి దిగి వచ్చి ‘కఠిన చర్య’ అనే డిమాండ్‌ను పుట్టించిందని ఇంకో కథ. టీవీ చర్చల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో పదే పదే చెప్పడం వల్ల ఇవే చరిత్రగా చలామణీ అవుతున్నాయి. నా ఉద్దేశంలో రెండూ చాలవు. మొదటిది చట్టం నడిచిన తీరును తప్పుగా చెబుతుంది. రెండోది ఈ ప్రాంతం మారిన తీరును పట్టించుకోదు.

తొలి ఘట్టాలు చాలావరకు తెలిసినవే. పాస్‌పోర్టు లేకుండా దేశంలోకి రావడం మీద ఆంక్షలు పెట్టిన చట్టం 1920 నాటిది. విదేశీయుల చట్టం 1946లో వచ్చింది. విభజన తర్వాత 1950లో అస్సాం కోసం ప్రత్యేకంగా బహిష్కరణ చట్టం చేశారు. 1964లో విదేశీయుల ట్రిబ్యునళ్లకు ఉత్తర్వు వెలువడింది. 1979లో మంగల్‌దోయి లోక్‌సభ ఉప ఎన్నిక కోసం ఓటర్ల జాబితా సవరిస్తుంటే వేలాది పేర్ల మీద అభ్యంతరాలు వచ్చాయి. అక్కడి నుంచి ఆరేళ్లు అస్సాం అట్టుడికింది. 1983 ఫిబ్రవరి 18న నెల్లీ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క పూటలో రెండు వేల మంది దాకా హతమయ్యారు. చివరికి 1985 ఆగస్టు 15న ఒప్పందం కుదిరింది. 1966 జనవరి 1కి ముందు వచ్చినవారు ఉండవచ్చు. ఆ తర్వాత, 1971 మార్చి 24 లోపు వచ్చినవారికి పదేళ్లు ఓటు ఉండదు, ఆపైన పూర్తి పౌరులవుతారు. ఆ తేదీ దాటాక వచ్చినవారిని పంపించేయాలి. మన దేశంలో అక్రమ వలసలకు పెద్ద ఎత్తున ఇచ్చిన క్షమాభిక్ష ఇది.

ఏడాది తిరగగానే, 1986లో, అమెరికాలోనూ ఇలాంటి బేరమే జరిగింది. రీగన్ సంతకం చేసిన చట్టం దాదాపు 27 లక్షల మందికి అక్కడే ఉండే హక్కు ఇచ్చింది. బదులుగా, పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకునే యజమానులను శిక్షిస్తామంది. రెండు చోట్లా మొదటి సగం అమలైంది, రెండో సగం నీరుగారింది. క్షమాభిక్ష వద్దని గట్టిగా చెప్పేవారి వాదనలో బలమంతా ఇక్కడుంది: మాట ఇచ్చారు, నిలబెట్టుకోలేదు. ఆ కోపాన్ని జాతి ద్వేషమని ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు.

అస్సాం విషయంలో లెక్కలు కూడా వారి వైపే ఉన్నాయి. 1983 నాటి అక్రమ వలసదారుల నిర్ధారణ చట్టం రుజువు భారాన్ని ఫిర్యాదు చేసినవారి మీద పెట్టింది. ఆ చట్టం కింద 3,10,759 కేసుల్లో విచారణ మొదలైతే, 10,015 మందిని అక్రమ వలసదారులుగా తేల్చారు. 2000 ఏప్రిల్ 30 నాటికి నిజంగా పంపించింది 1,481 మందిని. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తూ ఈ అంకెలనే ముందు పెట్టింది. ‘చట్టాలు మెతకవి’ అనే మాటకు దేశమంతటా పలుకుబడి వచ్చింది ఈ తీర్పుతోనే.

కానీ ఆ మెతక చట్టం అమల్లో ఉన్నది అస్సాంలో మాత్రమే. బెంగళూరుకు ఏనాడూ వర్తించలేదు. ఇక్కడ మొదటి నుంచీ, 2025లో రద్దయ్యేదాకా, ఉన్నది 1946 నాటి విదేశీయుల చట్టం. దాని 9వ సెక్షన్ ప్రకారం తాను విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ మనిషి మీదే ఉండేది. అరెస్టు, నిర్బంధం, బహిష్కరణ, అధికారాలన్నీ అందులో ఉండేవి. లేనిది ఒక్కటే: ఎవరు ఏ దేశస్థులో కూర్చుని తేల్చే వేదిక. ట్రిబ్యునళ్లు అస్సాం దాటి రాలేదు. బెంగళూరులో ఆ పని స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు తీరికను బట్టి, అనుమానాన్ని బట్టి సాగింది. కాబట్టి ఇక్కడ జనం అడిగిన కాఠిన్యం, మెతక చట్టానికి జవాబుగా పుట్టిందనే మాట నిలవదు. మరి దేనికి జవాబుగా పుట్టింది?

నా సమాధానం చాలామందికి చిన్నదిగా తోచవచ్చు. చెత్త. 2012 నుంచి 2020 దాకా తూర్పు బెంగళూరు తన చెత్తను ఎలా వదిలించుకుందో చూడకుండా ఈ డిమాండ్ చరిత్ర రాయలేం.

2012లో మావళ్లిపుర డంపింగ్ యార్డు మూతపడింది. నగరం చెత్త మండూరు మీదికి మళ్లింది. కాడుగోడికి ఉత్తరాన పాత మద్రాసు రోడ్డు దాటితే వచ్చే ఊరది. దుర్వాసన, పాడైన నీళ్లు, జబ్బులతో విసిగిన గ్రామస్థులు రోడ్డెక్కారు. వారి పోరాటం ఫలించి 2014 డిసెంబరుకు అక్కడికి లారీలు ఆగిపోయాయి. ఈలోగా 2012లోనే నగరపాలక సంస్థ బీబీఎంపీ ఒక నిబంధన తెచ్చింది: పెద్ద అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, కంపెనీలు తమ చెత్త సంగతి తామే చూసుకోవాలి. పర్యావరణం దృష్టితో చూస్తే మంచి నిబంధనే. ఐటీ కంపెనీల వెనకే వందల అపార్ట్‌మెంట్లు లేచిన మహదేవపుర నియోజకవర్గంలో, అంటే కాడుగోడి నుంచి బెళ్లందూరు దాకా, దీని ప్రభావం మిగతా నగరంలో కంటే ఎక్కువ. ప్రైవేటు కాంట్రాక్టర్లు దిగారు. వారికి తక్కువ కూలికి, వారంలో ఏడు రోజులూ చెత్త వేరుచేసే మనుషులు కావాలి. వారుండడానికి, సరుకు నిల్వ చేయడానికి స్థలం కావాలి. స్థలం ఎక్కడిది? ఇంకా లేఅవుట్ వేయని పట్టా భూములు, కోర్టు తగాదాల్లో ఉన్న ప్లాట్లు. యజమానులు వాటిని అద్దెకిచ్చారు. తూబరహళ్లి, కుందలహళ్లి, మున్నేకొళాల, కరియమ్మన అగ్రహార వంటి చోట్ల నీలం టార్పాలిన్ షెడ్లు లేచింది ఇలాగే.

ఆ షెడ్డు ఎలా ఉంటుందో చూస్తే విషయం సగం అర్థమవుతుంది. వెదురు కర్రలు, పాత ఫ్లెక్సీలు, పైన టార్పాలిన్. ముందు వాకిట్లో గుట్టలు: నీళ్ల సీసాలు ఒక పక్క, పాల కవర్లు ఒక పక్క, అట్టపెట్టెలు, గాజు, చెప్పులు విడివిడిగా. సీసా మూత వేరు, లేబుల్ వేరు. రంగు సీసాకు ఒక ధర, తెల్ల సీసాకు ఇంకో ధర. వేరుచేసినది మైసూరు రోడ్డులోని నాయండహళ్లికో, జాలీ మొహల్లా పాత సామాను వ్యాపారులకో పోతుంది. ఎవరూ కొననిది అక్కడే తగలబడుతుంది. నీళ్లు ట్యాంకరువి, కరెంటు స్థలం యజమానిది, అద్దె నెలనెలా షెడ్డుకింత. ఇంటి లోపల తాడుకు వేలాడే ప్లాస్టిక్ కవరులో ఆధార్, ఓటరు కార్డు, పిల్లల బడి కాగితం. పోలీసులు వస్తే మొదట తీసేది ఆ కవరే.

ఆ షెడ్లలో ఉన్నవారు ఎవరు? పశ్చిమ బెంగాల్‌లోని నదియా, ముర్షిదాబాద్ జిల్లాలవారు, అస్సాంలోని బర్‌పేట, ధుబ్రీ వైపువారు, ఉత్తర కర్ణాటకలోని యాదగిరి, రాయచూరు కూలీలు. 2009 మేలో ఐలా తుపాను సుందరవనాల పొలాల్లోకి ఉప్పునీరు తెచ్చాక దక్షిణాది నగరాలకు కదిలినవారూ ఉన్నారు. కాబట్టి చెత్త ఒక్కటే వీరిని రప్పించిందని అనను. ఊళ్లో బతుకు కరువై బయల్దేరినవారికి నిలవడానికి చోటు చూపింది మాత్రం ఇదే. వీరి మధ్య బంగ్లాదేశ్ నుంచి పత్రాలు లేకుండా వచ్చినవారు లేరనడం కూడా అబద్ధమే. 2019 అక్టోబరులో పోలీసులు దాదాపు 60 మందిని పట్టుకుని, విచారణ తర్వాత నవంబరులో రైలెక్కించి హౌరా పంపారు. 2021 మేలో రామమూర్తినగర్‌లో ఒక యువతి మీద జరిగిన దారుణంలో నిందితుల్లో ఎక్కువమంది బంగ్లాదేశీయులు. వారిని కోర్టు 2022లో శిక్షించింది. అయితే ఆ యువతి కూడా బంగ్లాదేశీయురాలే, అమ్మాయిలను తరలించే ముఠా చేతిలో పడి వచ్చినదే. ఆ కేసును వలసల మీద కోపానికి వాడుకున్నవారిలో చాలామంది ఈ రెండో సగం చెప్పలేదు.

అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2004 జూలైలో కేంద్ర మంత్రి ఒకరు దేశంలో అక్రమ బంగ్లాదేశీయులు 1,20,53,950 మంది అని పార్లమెంటులో చెప్పి, కొద్ది రోజులకే ఆ లెక్క నమ్మదగినది కాదన్నారు. 2016లో మరో మంత్రి సుమారు రెండు కోట్లన్నారు. చివరి అంకె దాకా చెప్పిన లెక్కకు కూడా చెప్పినవారే పూచీ పడలేకపోతే, బెంగళూరులో ‘లక్షల మంది’ అంటూ సభల్లో చెప్పే మాటకు ఆధారం ఏమిటి?

2018 తర్వాత మారినది, నేను గమనించినంతలో, ఫిర్యాదు స్వరూపం. మొదట ఫిర్యాదులు పొగ మీద, మురుగు మీద, ప్లాట్ల ఆక్రమణ మీద ఉండేవి. వాటికి జవాబు చెప్పాల్సినవారు కాంట్రాక్టరు, స్థలం యజమాని, బీబీఎంపీ. జాతీయ పౌర పట్టిక అస్సాంలో 19,06,657 మందిని బయట పెట్టిన 2019లో, అదే ఏడాది చివర పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన రోజుల్లో, ఈ ఫిర్యాదు ‘బంగ్లాదేశీయులు’ అనే ఒక్క పేరు కిందికి చేరింది. ఢిల్లీ రాజకీయం ఇక్కడికి తెచ్చింది ఆ పేరునే. దాని కింద పేరుకున్న విసుగు ఈ ఊరిదే, అదీ ఏడేళ్ల నాటిది.

2020 జనవరిలో ఈ రెండూ కలిశాయి. రెండో వారంలో మహదేవపుర ఎమ్మెల్యే అరవింద్ లింబావళి కరియమ్మన అగ్రహార షెడ్ల వీడియో పెట్టి, అక్కడ అక్రమ బంగ్లాదేశీయులు ఉండవచ్చని అన్నారు. పోలీసుల నోటీసు స్థలం యజమానికి వెళ్లింది. 18, 19 తేదీల్లో యంత్రాలు వచ్చి షెడ్లను నేలమట్టం చేశాయి. శిథిలాల మధ్య ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడినవారిలో ఉత్తర కర్ణాటక కన్నడిగులు, అస్సాం, త్రిపురవారు ఉన్నారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ హైకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి అభయ్ ఓకా నేతృత్వంలోని ధర్మాసనం తదుపరి ఖాళీ చేయింపులను ఆపి, ఏ అధికారంతో ఈ పని చేశారని నిలదీసింది. అక్రమ వలసదారుణ్ణి గుర్తించే ప్రక్రియ అక్కడ జరగనే లేదు. ఇళ్లు పోయాయి, ఎవరి దేశం ఏదో తేలలేదు. అదే రోజుల్లో నెలమంగల దగ్గర సొండెకొప్పలో, సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్‌ను విదేశీయుల నిర్బంధ కేంద్రంగా మార్చారు.

ఇక నేటి సంగతి. 2025 మేలో కేంద్ర హోం శాఖ అనుమానితుల పత్రాలను 30 రోజుల్లో పరిశీలించాలని రాష్ట్రాలకు చెప్పింది. సెప్టెంబరు 1 నుంచి పాత నాలుగు చట్టాల స్థానంలో వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. పత్రాలు లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల దాకా జైలు. గడువు ముంచుకొస్తే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని పట్టుకుని బంగ్లాదేశ్ సరిహద్దు దాటించారు. ఆమెను తిరిగి తీసుకురమ్మని కలకత్తా హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. డిసెంబరుకు గానీ ఆమె వెనక్కి రాలేదు. దీన్ని కాఠిన్యం అనను. సొంత పౌరురాలిని పరాయి దేశంలోకి నెట్టడం రాజ్యం చేసిన తప్పు.

క్షమాభిక్ష వద్దనేవారు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కొత్త చట్టంతోనే వచ్చిన మినహాయింపు ఉత్తర్వు ప్రకారం, బంగ్లాదేశ్, పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్ల నుంచి 2024 డిసెంబరు 31 లోపు ఆశ్రయం కోరి వచ్చిన ఆరు మతాలవారికి శిక్ష ఉండదు. పీడితులకు ఆశ్రయం ఇవ్వడాన్ని నేను సమర్థిస్తాను. కానీ ఇది కూడా ఒక రకం క్షమాభిక్షే. అస్సాంలో ఉద్యమకారులు మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే తేదీ అన్నారు, 2019లో ఆ మాట మీదే వీధుల్లో నిలబడ్డారు. బెంగళూరులో వినిపించే కాఠిన్యానికి ఆ నిలకడ లేదు. ఇదే నగరం అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే అక్రమ-సక్రమ పథకం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఆపితే నిరాశపడింది.

ఉండనివ్వడం, తరిమేయడం కాక మూడో దారి ఒకటి ఉంది, అది తెలుగువారికి పరిచయమే. 2018లో కువైట్, ఎమిరేట్స్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కడప, గోదావరి, కరీంనగర్ జిల్లాలవారు ఎందరో జైలు, జరిమానా లేకుండా ఇళ్లు చేరారు. పత్రాలు లేకుండా పరాయి దేశంలో దాక్కుని బతకడం ఏమిటో ఆ కుటుంబాలకు తెలుసు. ఇక్కడా బంగ్లాదేశ్ నుంచి వచ్చి తిరిగి వెళ్లదలచినవారికి కేసు లేకుండా వెళ్లే గడువు ఎందుకు ఇవ్వకూడదు? ఉండిపోదామనుకునే వారి విషయం తేల్చడానికి, అప్పీలుకు అవకాశం ఉన్న వేదిక ఎందుకు పెట్టకూడదు? యాస విని దేశం తేల్చే పద్ధతి పోవాలి. నదియాలోనూ సరిహద్దు అవతలా మాట్లాడేది ఒకే భాష.

చట్టం అమలు కావాలని అడిగే హక్కు పౌరులకు ఉంది, 1985 నుంచి నెరవేరని మాటకు లెక్క అడిగే హక్కూ ఉంది. అయితే షెడ్లు కూలినంత మాత్రాన ఆ మాట నెరవేరదు. దొంగ పత్రాలు తయారుచేసే దళారీని, పత్రాలు చూడకుండా పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరును, నెలనెలా అద్దె తీసుకున్న స్థలం యజమానిని, ఎవరు తీసుకెళ్తున్నారో అడగకుండా చెత్త అప్పగించిన అపార్ట్‌మెంట్ సంఘాన్ని ముందు ప్రశ్నించాలి. అమెరికాలో 1986 నాటి బేరం చెడింది యజమానిని వదిలేయడం వల్లే. కాడుగోడి చుట్టూ కూడా పనిలో పెట్టుకున్న యజమాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. అది జరిగేదాకా ‘కఠిన చర్య’ అంటే చెత్త ఏరేవాడి ఇల్లు కూల్చడమే అవుతుంది.