కొండల సీమలో తక్కువ పౌనఃపున్య స్పెక్ట్రం: లేపాక్షి ప్రాంతం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన (1995–2023)

ఉపోద్ఘాతం

లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం రాయలసీమ నైరుతి అంచున ఉన్న బండరాతి గుట్టల సీమ. లేపాక్షి వీరభద్రాలయం కూర్మశైలమనే గుట్టపై వెలసింది. 1565 నాటి యుద్ధంలో విజయనగరం పతనమైన తరువాత ఆరవీటి రాజులు పెనుకొండను ఆశ్రయించడానికి అక్కడి గిరిదుర్గం ఒక ముఖ్య కారణం. శత్రువుకు అడ్డుగా నిలిచిన ఇలాంటి కొండలే నేడు రేడియో తరంగానికీ అడ్డు నిలుస్తాయి. కొండ నీడలోని పల్లెకు మొబైల్ సంకేతం అందకపోవడానికి భౌగోళిక స్థితినే కారణంగా చెప్పడం పరిపాటి. అది పాక్షిక సత్యమేననీ, స్పెక్ట్రం ధర, లైసెన్సు నిబంధనలు అంతకన్నా బలమైన కారణాలనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. తరంగ స్వభావం

పౌనఃపున్యం తగ్గిన కొద్దీ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. 700 మెగాహెర్ట్జ్ వద్ద అది సుమారు 43 సెంటీమీటర్లు, 2100 వద్ద సుమారు 14 సెంటీమీటర్లు. సమాన లాభం గల ఆంటెన్నాలతో, ఆటంకం లేని ఒకే దూరంలో, 700 వద్ద అందే శక్తి 2100 వద్ద అందేదానికి దాదాపు 9 రెట్లు. గుట్ట అంచు వద్ద వివర్తనం చెంది ఆవలి వైపుకు వంగే గుణం, గోడను దాటి ఇంటిలోకి చేరే గుణం కూడా దీర్ఘ తరంగానికే ఎక్కువ. కనుక తక్కువ టవర్లతో ఎక్కువ విస్తీర్ణానికి సేవ అందుతుంది. అయితే ఈ పట్టీలో లభించే వెడల్పు స్వల్పం కావడంతో ఒకేసారి ఎక్కువమందికి అధిక వేగం అందించడం దీనివల్ల కాదు. పట్టణానికి సామర్థ్యం, పల్లెకు వ్యాప్తి ప్రధానమన్న తేడా ఇక్కడే మొదలవుతుంది.

2. తొలి దశ: లెక్కలోకి రాని పల్లె

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ఏడాది జూలై 31న దేశంలో తొలి మొబైల్ సంభాషణ జరిగింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తొలి సంస్థలైన జె.టి. మొబైల్స్, టాటా సెల్యులార్‌లకు జి.ఎస్.ఎం. సేవ కోసం 900 మెగాహెర్ట్జ్ పట్టీ దక్కింది. అంటే పల్లెలకు అనువైన తరంగం తొలినాళ్లలోనే చేతిలో ఉంది. కొరవడినది దానిని పల్లెకు చేర్చవలసిన బాధ్యత.

తరువాతి లైసెన్సులలోని షరతు ఈ లోపాన్ని స్పష్టం చేస్తుంది. సర్కిల్‌లోని జిల్లా కేంద్రాలలో తొలి ఏడాదిలో 10 శాతం, మూడేళ్లలో 50 శాతం చోట్ల సేవ కల్పిస్తే చాలు. జిల్లా కేంద్రానికి బదులు అదే జిల్లాలోని మరో పట్టణాన్ని చూపవచ్చు. ఆనాటి అనంతపురం జిల్లాలో అనంతపురమో హిందూపురమో లెక్కకు సరిపోయేది. లేపాక్షి వంటి మండల కేంద్రానికి ఆ లెక్కలో స్థానం లేదు.

సర్కిల్ సరిహద్దు మరొక చిక్కు. హిందూపురం దాటితే కర్ణాటక వేరే సర్కిల్. దూరం వెళ్లడమనే తరంగ గుణం సరిహద్దు గ్రామాలలో పొరుగు సర్కిల్ సంకేతం పట్టుకోవడానికి దారితీయగలదు. రోమింగ్ రుసుములున్న కాలంలో అది వాడుకరికి భారమే.

పల్లెల కొరతను పూరించడానికి 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి తొలుత స్థిర ఫోన్లకే పరిమితమైంది. 2006 చట్ట సవరణతోనే మొబైల్ సేవలు దాని పరిధిలోకి వచ్చాయి.

3. 700 మెగాహెర్ట్జ్: ఆరేళ్ల నిరుపయోగం

2007 ప్రపంచ రేడియో సమావేశంలో భారత్ సహా కొన్ని ఆసియా దేశాలు 698–806 మెగాహెర్ట్జ్ పట్టీని మొబైల్ సేవలకు గుర్తించాయి. 2016 అక్టోబరులో అది తొలిసారి వేలానికి వచ్చింది. దేశవ్యాప్తంగా ఒక మెగాహెర్ట్జ్‌కు కనీస ధర 11,485 కోట్ల రూపాయలు. ఒక్క బిడ్ కూడా రాలేదు. 2021 మార్చిలో ధరను 6,568 కోట్లకు తగ్గించినా ఫలితం అదే. 2022లో 3,927 కోట్లకు దించాక రిలయన్స్ జియో మొత్తం 22 సర్కిళ్లలో 10 మెగాహెర్ట్జ్‌ల చొప్పున కొనుగోలు చేసింది.

స్పెక్ట్రం ఖనిజం వంటిది కాదు. నేడు తవ్వని ఖనిజం రేపటికి మిగులుతుంది. నేడు వాడని తరంగం రేపటికి నిల్వ ఉండదు. ఆరేళ్ల తరువాత మూడో వంతు ధరకు అమ్మినప్పుడు ఖజానాకూ అధిక ఆదాయం దక్కలేదు, ఆ ఆరేళ్ల సేవ ప్రజలకూ దక్కలేదు. కంపెనీల అప్పులు, పట్టీకి తగిన ఫోన్ల కొరత కూడా కారణాలే. అయినా కనీస ధరను నిర్ణయించింది ప్రభుత్వమే.

4. వేలం వెలుపలి కేటాయింపులు

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 700 పట్టీలో 5 మెగాహెర్ట్జ్‌లను రైల్వేల భద్రతా సమాచార వ్యవస్థకు కేటాయించింది. గుంతకల్లు–బెంగళూరు మార్గంలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్ల దృష్ట్యా ఇది ఈ ప్రాంతానికి సంబంధించిన నిర్ణయమే. 2022 జూలైలో సేవ లేని 24,680 గ్రామాలకు 4జి అందించే పథకానికి 26,316 కోట్లు మంజూరయ్యాయి. 2023లో బి.ఎస్.ఎన్.ఎల్.కు 700 పట్టీలో స్పెక్ట్రం లభించింది. ప్రయోజనం స్పష్టంగా ఉన్నచోట వేలం లేకుండానే కేటాయింపు సాధ్యమని ఈ నిర్ణయాలు తెలుపుతున్నాయి.

ముగింపు

1995 తీర్పు తరంగాన్ని ప్రజల ఆస్తిగా ప్రకటించింది. తరువాతి విధానాలు ఆ మాటను ఎక్కువగా ఆదాయ పరంగానే అన్వయించుకున్నాయి. మగ్గం దగ్గరి నుంచే బేరం కుదుర్చుకోవాలనుకునే ధర్మవరం నేతకార్మికునికీ, గుట్ట అవతలి పల్లెలో అత్యవసర వాహనం కోసం ఫోన్ చేసేవారికీ ఆస్తి అంటే అందే సంకేతమే. తక్కువ పౌనఃపున్య స్పెక్ట్రం చరిత్రను వేలం రాబడులతో కాక, అది చేరిన గ్రామాలతో కొలవడం చరిత్రకారులు ఇకపై చేయవలసిన పని.