నాణెము దొరికిన చోటు

ఇటీవల ఒక సాయంకాలము గడ్డపోతారములో ఒక మిత్రుని యింట గడపితిమి. మాటలలో పాత నాణెముల ప్రసక్తి రాగా, వారి తల్లిగారు లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బాను తెచ్చి చాప మీద కుమ్మరించిరి. చార్మినారు బొమ్మగల హాలీ రూపాయి ఒకటి, చిల్లుకాణీలు రెండు, అణాలు, బేడలు, 1957వ సంవత్సరపు నయాపైసలు అందులో నుండెను. దుబాయిలో పనిచేసి వచ్చిన పెద్దకుమారుడు తెచ్చిన దిర్హములును, ప్రక్క గదిలో అద్దెకున్న నేపాలీ కార్మికుడు పిల్లల కిచ్చిన నేపాలు నాణెమును వాటిలో కలిసియుండెను. కర్మాగారములు వెలసిన యూరు గనుక నలుదిక్కుల మనుష్యులు, వారితో నలుదిక్కుల నాణెములు అచటికి వచ్చి చేరినవి.

“నాణెములు సేకరింపవలెనని నాకును కోరిక కలదు. కాని దానికి చాల డబ్బు కావలెను గదా!” అని మిత్రుడనెను. మాకు నవ్వు వచ్చినది. సేకరణ ఆ డబ్బాలో నెన్నడో ప్రారంభమైనది. లేనిది ఒక నోటుపుస్తకము మాత్రమే. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ నోటుపుస్తకమును గురించియే.

ఆ సంగారెడ్డి జిల్లాలోనే కొండాపురమను గ్రామము కలదు. అచటి మట్టిదిబ్బను జనులు కోటగడ్డ యందురు. 1940వ దశకపు ఆరంభమున హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖ వారు గులాం యజ్దానీగారి నాయకత్వమున ఆ దిబ్బను త్రవ్వించిరి. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, మట్టిబొమ్మలు, పూసలు, విశేషముగా నాణెములు బయల్పడెను. నాణెముల అచ్చులు కూడ దొరకుటచే అచట టంకశాల యుండెనని పండితులు తలంచిరి. 2009 మొదలు 2011 వరకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారు మరల త్రవ్వకములు జరిపిరి. నేడు అచటనే వస్తుప్రదర్శనశాల యున్నది.

ఆ దిబ్బలో రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము కూడ దొరకినది. ఈ యొక్క సంగతిని నిలిచి ఆలోచింపుడు. అదే నాణెము ఒక నగల యంగడిలో కనబడియుండినచో, దాని వెల తూకమును బట్టి తేలెడిది. అంతటితో కథ ముగిసెడిది. కోటగడ్డ మట్టిలో, శాతవాహన నాణెముల నడుమ దొరకుటవలన, సముద్రములు దాటి సాగిన వర్తకమునకు ఈ మెట్టసీమ కూడ భాగస్వామి యని అది సాక్ష్యము చెప్పుచున్నది. భారతదేశపు సరకుల కొరకు ఏటేట ఐదు కోట్ల సెస్టర్సులు తరలిపోవుచున్నవని రోము రచయిత ప్లినీ మొఱపెట్టెను. ఆ ధనములో నొక కణము కొండాపురము చేరినది. బంగారము విలువ నాణెములో నున్నది; చరిత్ర విలువ అది దొరికిన చోట నున్నది.

చోటుతో పాటు కూటమి కూడ ముఖ్యమే. 1906లో నాసిక ప్రాంతమున జోగల్‌తంబి యను చోట పదమూడువేలకు పైగా వెండి నాణెములు ఒక్కచోట దొరకినవి. అవి క్షహరాట రాజగు నహపానునివి. వానిలో సుమారు మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల వేయించెను. ఓడిన రాజు ముఖము మీద గెలిచిన రాజు గుర్తు! ఆ రాశి పదిమంది చేతులలో చెదరిపోయి కొలిమిలో కరగియుండినచో, ఆ విజయపు విస్తారమును మనకు ఇంత స్పష్టముగా చెప్పువారు లేకపోయెడివారు.

ఇట్టి సేవ ప్రభుత్వ శాఖలే చేయవలెనని లేదు. గోదావరి యొడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల యున్నది. అచట దొరకుచున్న నాణెములను సంగనభట్ల నరహరిశర్మగారు శ్రద్ధతో సేకరించి శాసన పరిశోధకులగు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారికి చూపిరి. గోభద, నారన, సమగోప అను రాజుల పేర్లు అట్లు వెలుగులోనికి వచ్చినవి. చిముకుని పేరుగల నాణెములును అచటనే లభించినవి. పురాణములు శాతవాహన వంశమునకు మూలపురుషునిగా చెప్పు సిముకుడే యితడని పలువురు పండితులు తలంచిరి. శర్మగారు వాటిని వట్టి రాగిముక్కలుగా నెంచక, అవి ఏ యూరివో చెప్పగలిగిరి గనుకనే తెలుగుదేశ చరిత్రలో ఒక క్రొత్త పుట చేరినది.

కనుక నాణెములు సేకరింపదలచిన గృహస్థులు మొదట నోటుపుస్తకము కొనవలెను. ప్రతి నాణెమునకు ఒక సంఖ్య నిచ్చి, లోహము, తూకము, వెడల్పు, రెండు ముఖముల మీది బొమ్మలు, అక్షరములు, ఎవరి వద్ద, ఎచట, ఎన్నడు లభించినదో వ్రాయవలెను. ఒక్కొక్క నాణెమును వేరువేరు కాగితపు సంచులలో తడి తగులకుండ ఉంచవలెను. అంచులు పట్టి యెత్తవలెను గాని ముఖముపై వ్రేళ్ళు మోపరాదు.

అన్నిటికంటె ముఖ్యము, చింతపండుతో తోమరాదు! బాల్యమున మేమే ఒక పాత రాగి నాణెమును చింతపండు, బూడిద పట్టించి తళతళలాడునట్లు తోమితిమి. మురికితో పాటు సగము అక్షరములును పోయినవి. మెరపు మిగిలెను, అది యే రాజుదో నేటికిని తెలియలేదు.

చట్టమును కూడ ఎరిగియుండవలెను. భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలకు మించిన యెడల కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిధిచట్టము చెప్పుచున్నది. 1972వ సంవత్సరపు చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన నాణెములు పురావస్తువులు. వాటిని ఎవరికి వారు విదేశములకు తరలించుట నేరము. దున్నిన చేలలో దొరికినవని చెప్పి రహస్యముగా అమ్మజూపువారి వద్ద కొనకుండుటయే మేలు. అవి నకిలీలైన ధనము పోవును. నిజమైనవైన, పైకము ఆశతో మరొక దిబ్బను త్రవ్వించినవార మగుదుము.

అట్లయిన కొనకయే ఏమి సేకరింపవచ్చును? మీ జేబులోని రూపాయిని చూడుడు. సంవత్సరము క్రింద చిన్న నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలది; వజ్రాకృతి యున్నచో ముంబయిది; చుక్క యున్నచో నోయిడాది; ఏ గుర్తును లేనిచో కలకత్తాది. 2011 జూను నెలాఖరుతో చెల్లుబడి తీరిన పావలాలు ఇంకను ఇండ్లలో మిగిలియున్నవి. సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో వస్తుప్రదర్శనశాల తెరచిరి. పిల్లలతో వెళ్ళి చూడదగినది.

ఆనాడు ఆ డబ్బాలోని నాణెములను పిల్లలచే వరుసగా పేర్పించితిమి. హాలీ రూపాయి మీద హిజ్రీ సంవత్సరము, నేపాలు నాణెము మీద విక్రమ సంవత్సరము, నయాపైస మీద క్రీస్తు సంవత్సరము! ఒక్క చాప మీద మూడు కాలగణనములు కలిసినవి. నేపాలీ కార్మికుని పిలిచి అతని నాణెము మీది అక్షరములను చదివించుకొంటిమి. తన దేశమును గూర్చి అతడు పిల్లలతో అంతసేపు మాటలాడుట అదియే మొదటిసారి యట.

పిదప హాలీ రూపాయి ఎట్లు వచ్చినదని తల్లిగారి నడిగితిమి. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన తరువాతను కొన్నేండ్లు హాలీ సిక్కా చెలామణిలో నుండెను. ఆమె ఆ రూపాయిని అరచేత నుంచుకొని, “మా అత్త పెండ్లినాడు నా కొంగుకు ముడేసింది బిడ్డా. ఆమెకు వాళ్ళత్త ఇచ్చిందట” అనిరి. ఇన్నేండ్లును ఇంట నెవరును ఆమె నడుగలేదు. మనుమరాలు క్రొత్త నోటుపుస్తకము తెరచి మొదటి సంఖ్య వేసి ఆ మాటలనే వ్రాసికొన్నది.